బకెట్ నిండేలోపు

సోమవారం పొద్దున పుల్లమ్మ పెట్టుకున్న పని చిన్నదే. ఉప్మాకు పోపు వేగేలోగా గేటు పక్కనున్న నీళ్ళ మీటరు చూసి, అంకె రాసుకుని రావాలి. వర్తూరులో ఆమె నడిపే ఆడపిల్లల పీజీ హాస్టల్లో ముప్పై ఆరు మంది ఉంటారు, అందరికీ ఒకే పెద్ద ఆఫీసులో ఉద్యోగాలు. స్నానాల గదులు ఆరు. గ్యాసు బండ ఎన్ని రోజులు వస్తుందో, ఆదివారం ఎన్ని కోడిగుడ్లు మిగులుతాయో చెప్పడానికి ఆమెకు కాగితం అక్కర్లేదు. కదిరి సంతలో ఇరవై ఏళ్ళు చింతపండు తూచిన చెయ్యి అది.

నెల కిందట నీళ్ళ ఆఫీసు వాళ్ళు ఒక పథకం చెప్పి వెళ్ళారు. కొళాయి మూతికి చిన్న జల్లెడ లాంటిది బిగించుకోవాలి. ధార సన్నబడి, గాలి కలిసి నురగలా వస్తుంది. రెండు నెలల్లో వాడకం మూడో వంతు తగ్గి, ఆ పైన పెరగకుండా ఉంటే ఏడాది పాటు నెలనెలా పాత బిల్లులో పావు వంతు మాఫీ. పుల్లమ్మ బిల్లు నెలకు పదహారు వేలు. అంటే నాలుగు వేలు. ఆ సాయంత్రమే ప్లంబరు మునిస్వామి వచ్చి అన్ని కొళాయిలకూ జల్లెడలు బిగించాడు.

ఇందులో ఒక చిక్కు ఉందని ఆమెకు ముందే తెలుసు. మూడు నిమిషాల్లో నిండే బకెట్‌కు ఇప్పుడు పది నిమిషాలు పడుతుంది. పిల్లలు మీదపడి అరుస్తారని ఏడు రకాల జవాబులు సిద్ధం చేసుకుంది. నెల గడిచినా ఒక్కరూ నోరు మెదపలేదు. బేరమాడకుండా డబ్బిచ్చి పోయే మనిషిని చూసినట్టు ఆమెకు లోపల ఏదో తొలుస్తూనే ఉంది.

ఇప్పుడు మీటరు చూస్తే వాడకం మూడో వంతు కాదు, సగానికి సగం పడిపోయింది. లోపలినుంచి పోపు మాడిన వాసన వచ్చేదాకా ఆమె అక్కడే నిలబడిపోయింది.

లాభం తక్కువ వస్తే ఎవరో తిన్నారనుకోవచ్చు. ఇంత ఎక్కువ వస్తే తక్కెడే చెడి ఉండాలి. మీటరు చెడిందని తేలితే నీళ్ళ ఆఫీసు ఇన్‌స్పెక్టరు మాఫీ మాట మరిచి జరిమానా వేస్తాడు. మునిస్వామిని మళ్ళీ పిలిపించింది. అతను ఇరవై లీటర్ల క్యాను నాలుగుసార్లు పట్టి, మీటరుతో సరిచూశాడు.

"మీటరు సరిగ్గానే ఉండాది అక్కా. నీళ్ళే వాడలేదు."

"ముప్పై ఆరు మంది ఉండారప్పా. వాడకుండా ఎట్ల?"

మునిస్వామి తల గోక్కున్నాడు. "స్నానాలు చేస్తా ఉండారా?"

ఈ ప్రశ్న పుల్లమ్మకు ఇంతవరకూ తట్టలేదు. మర్నాడు పొద్దున ఆరింటి నుంచి వరండాలో దుప్పట్లు మడత పెడుతూ కాపలా కాసింది. ఆరు గదుల్లో మూడింటి గచ్చు తడవనే లేదు. సగం మంది పిల్లలు ఉబ్బిన సంచులు తగిలించుకుని, జుట్టు ముడేసుకుని, ఆరున్నరకే క్యాబు ఎక్కేశారు. సాయంత్రం వాళ్ళే తిరిగివస్తుంటే గేటు దగ్గర షాంపూ వాసన.

పొద్దున సంచి, సాయంత్రం షాంపూ. పుల్లమ్మ కూడిక వేసింది. వెనక వీధిలో ఈ మధ్యే కొత్త పీజీ తెరిచారు. పిల్లలు అక్కడ స్నానం చేసి చూస్తున్నారు, నచ్చి సామాను సంచి సంచిగా తరలిస్తున్నారు. అడిగేస్తే తేలిపోయేదే. కానీ వెళ్ళిపోతావా అని అడిగితే వెళ్ళాలనే ఆలోచన లేనివాడికి కూడా ఆ ఆలోచన మనమే ఇచ్చినట్టవుతుంది. అందుకని అడగలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర, వచ్చే నెల నుంచి తలకు ఐదు వందలు అద్దె తగ్గిస్తున్నాననీ, ఆదివారం గుడ్డుకు బదులు కోడికూర అనీ చెప్పింది.

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరిలోకీ చురుకైన పిల్ల, స్పందన, లేచి, "థాంక్యూ ఆంటీ. ఇంకా బాగా చేస్తాం," అంది. ఏం బాగా చేస్తారో పుల్లమ్మకు అర్థం కాలేదు.

రెండో నెలాఖరుకు మీటరు చూసింది. సగం కాస్తా పావైంది. ఆరు గదులూ పొడిగా ఉన్నాయి. తెల్లారితే ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఇక ఆగలేక, క్యాబు కోసం నిలబడిన స్పందన భుజం మీది సంచి లాగి తెరిచింది. తువ్వాలు, సబ్బుపెట్టె, షాంపూ.

"ఏ పీజీలో చేస్తా ఉండారమ్మా స్నానం?"

"పీజీ ఏంటి ఆంటీ? మా ఆఫీసు జిమ్‌లో. ఇరవై షవర్లు, ఫుల్ హాట్ వాటర్. ఇక్కడ బకెట్ నిండేలోపు క్యాబ్ వెళ్ళిపోతోంది. ఫస్ట్ సగం మందిమే వెళ్ళాం. వాటర్ సేవ్ చేశామని మీరు రెంట్ తగ్గించారు కదా, అందుకే మిగతావాళ్ళనీ తీసుకెళ్తున్నాం."

పుల్లమ్మ గేటు దిమ్మె మీద కూర్చుంది. ముప్పై ఆరు ఐదు వందలు, పద్దెనిమిది వేలు. మాఫీ కింద రాబోయేది నాలుగు వేలు. కోడికూర దగ్గరికి వచ్చేసరికి లెక్క ఆపేసింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు అశ్వత్థప్ప మీటరు రెండుసార్లు చూసి, సంతకం పెట్టి, నీళ్ళు పొదుపు చేసినందుకు చట్రం కట్టిన ప్రశంసాపత్రం చేతికిచ్చాడు. కాఫీ తాగుతూ ఊరికే చెప్పినట్టు చెప్పాడు.

"మీ పిల్లలు పనిచేసే ఆ పెద్ద ఆఫీసు వాళ్ళూ స్కీములో చేరినారమ్మా. నాలుగు వందల జల్లెడలు వేసినారు. వాడకం తగ్గేది పోయి ఎక్కువైంది. ఎక్కడో పైపు పగిలిందని లాన్ అంతా తవ్వుతా ఉండారు. మీరొకసారి వచ్చి, ఎట్ల మిగిల్చినారో వాళ్ళకు చెప్పల్ల."

పుల్లమ్మ కాఫీ చెంబు అతని ముందుకు జరిపింది. "ఇంకొంచెం కాఫీ పోసుకోండి సార్," అంది.

ఆమె చెప్పకపోయినా పది రోజుల్లో ఆఫీసు వాళ్ళకే కారణం దొరికింది. అరగంట ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తినవాళ్ళకే షవరు అని బోర్డు పెట్టారు. ముప్పై ఆరు మందిలో ఆ ఓపిక ఉన్నది ఒక్కరికే. మిగతా ముప్పై ఐదు మందీ బకెట్లతో వరండాలోకి తిరిగొచ్చారు. మీటరు పాత అంకె పట్టుకుంది, పుల్లమ్మ మాఫీ పోయింది. ఆఫీసు వాడకం మాత్రం తగ్గి, పావు వంతు మాఫీ వాళ్ళకు వచ్చింది. తగ్గించిన అద్దె మళ్ళీ పెంచుదామంటే, వెనక వీధిలో పీజీ నిజంగానే ఉంది.

ప్రశంసాపత్రానికి మేకు కొట్టడానికి వచ్చిన మునిస్వామి, దాన్ని పుల్లమ్మ గదిలో పెట్టాలా హాల్లో పెట్టాలా అని అడిగాడు. పుల్లమ్మ స్నానాల గదుల ఎదుటి గోడ చూపించింది. వరసలో నిలబడినవాళ్ళు బకెట్ నిండేలోపు దాన్ని నాలుగుసార్లు చదవచ్చు.