నలభై సెకన్ల ఏడుపు

కైరో నగరంలోని ఒక పేరుమోసిన నర్సరీ, తల్లిని సరిగ్గా ప్రేమించడం చేతకాని పిల్లలకు ఈ ఏడాది నుంచి సీట్లు ఇవ్వరాదని తీర్మానించింది. మొదటి మూడేళ్లలో తల్లితో ముడి గట్టిగా పడిన బిడ్డే రేపు డాక్టరో మంత్రో అవుతుందనీ, ముడి వదులైన బిడ్డ ఎందుకూ కొరగాకుండా పోతుందనీ గేటుకు నోటీసు అంటించారు. ఎవరు తేల్చారని అడగడం మర్యాద కాదు గనక ఎవరూ అడగలేదు.

పరీక్ష చాలా సులువు. బొమ్మల గదిలో తల్లీబిడ్డా కూర్చుంటారు. గంట మోగగానే తల్లి బయటికి వెళ్తుంది. బిడ్డ నలభై సెకన్లు ఏడవాలి. అసలు ఏడవకపోతే రాతిగుండె, మరీ ఏడిస్తే జిడ్డు. తల్లి తిరిగి రాగానే పరుగున వచ్చి మెడ కావలించుకుని, ముక్కు తుడిపించుకుని, మర్యాదగా బొమ్మల దగ్గరికి పోవాలి.

నెర్మీన్‌కు ఈ సీటు కావాలి. కానీ సీటుకన్నా పెద్ద భయం ఒకటి ఆమె గుండెలో ఉంది. కూతురు లుజైన్‌కు మూడో నెల రాగానే ఆమె బ్యాంకు ఉద్యోగానికి తిరిగి వెళ్లిపోయింది. కింది అంతస్తులో ఉండే తన తల్లి హిక్మత్ ఈ మూడేళ్లూ ఆ పిల్లను సాకింది. నేను గదిలోంచి వెళ్తే నా బిడ్డ ఏడుస్తుందా? ఈ ప్రశ్న ఆమెను తినేస్తోంది.

దరఖాస్తులో 'తొలివారపు బంధానికి ఆధారం జతపరచవలెను' అని ఉంది. కైరోలో ఏ తల్లైనా చేసే పనే నెర్మీనూ చేసింది. పిల్ల పుట్టిన ఏడో రోజు పండగ వీడియో పంపింది. అందులో లుజైన్‌ను జల్లెడలో పడుకోబెట్టి ఊపారు. నెర్మీన్ బిడ్డ మీదుగా ఏడుసార్లు దాటింది. హిక్మత్ పిల్ల చెవి దగ్గర ఇత్తడి రోలు ఠంగుఠంగున మోగిస్తూ, "అమ్మ మాట విను! నాన్న మాట వినకు!" అని అరిచింది. చుట్టాలు ఉప్పు చల్లి కేరింతలు కొట్టారు.

డాక్టర్ షహీనాజ్ అధ్యక్షతన కమిటీ ఆ వీడియోను రెండుసార్లు చూసి నివేదిక రాసింది. 'శిశువును వంటసామగ్రిలో ఉంచిరి. చెవివద్ద లోహధ్వని కావించిరి. తల్లి ఏడుమార్లు దాటిపోయెను, ఒక్కమారును ఎత్తుకొనలేదు. తండ్రితో బంధమును వారం తిరగకముందే రద్దు చేసిరి.' కమిటీలోని ముగ్గురినీ పుట్టిన ఏడో రోజున అలాగే ఊపారు. డాక్టర్ షహీనాజ్ అయితే మొన్న గురువారమే తన మనవడిని స్వహస్తాలతో ఊపి వచ్చింది. ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

నలభై రోజుల మమకార శిక్షణ తప్పనిసరి అని తేల్చారు.

"ట్యూషనెందుకే? ఇంట్లో ఉండి నీ చేత్తో నాలుగు ముద్దలు తినిపించు, అదే దగ్గరవుతుంది," అంది హిక్మత్.

"అమ్మా, నీకు తెలీదు. ఇది సైన్సు."

"సైన్సట సైన్సు! నిన్నూ ఊపాను, బ్యాంకులో కూర్చోలేదూ? ఆ డాక్టరమ్మని ఊపే దిక్కు లేకపోయిందేమో, అందుకే అలా తగలడింది!"

శిక్షణ కేంద్రం ఎంతో క్రమశిక్షణ గలది. పిల్లలను ఎనిమిదింటికి దింపి అయిదింటికి తీసుకుపోవాలి. తల్లులకు ప్రవేశం లేదు, ఎందుకంటే తల్లి ఎదురుగా ఉంటే తల్లిప్రేమ నేర్పడం కుదరదు. ఒక టీచరు నెర్మీన్ ఓణీ కప్పుకుని, ఆమె సెంటు పూసుకుని, రోజుకు పన్నెండుసార్లు గదిలోంచి వెళ్లి వచ్చేది. ఏడుపు లెక్క సరిపోతే లుజైన్‌కు ఒక బిస్కెట్. ఇక తల్లులకు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా 'తిరిగివచ్చిన తల్లి చిరునవ్వు' అనే తరగతి. పిల్లను దింపడం, తేవడం హిక్మత్ పని; నెర్మీన్ పిల్ల లేవకముందే బ్యాంకుకు వెళ్లి, అటునుంచి అటే తరగతికి పోయేది. అందువల్ల ఆ నలభై రోజుల్లో తల్లీబిడ్డలు శుక్రవారాలు తప్ప మెలకువగా ఒకరినొకరు చూసుకోలేదు.

ఒక శుక్రవారం లుజైన్ మెట్ల మీద పడి మోకాలు చెక్కుకుపోయి బావురుమంది. నెర్మీన్ మోకాలు చూడకముందు గడియారం చూసింది. డెబ్బై సెకన్లు! ఛీ, నా బతుకు చెడ అనుకుంది. అనుకుంటూనే, "చాలు బంగారం, చాలు," అంది.

పరీక్షనాడు డాక్టర్ షహీనాజ్ లేచి, "మాతృప్రేమ సహజమైనది! కనుకనే దానికి ప్రమాణాలుండాలి!" అని ఉపన్యసించింది. గంట మోగింది. నెర్మీన్ బయట నిలబడి, తలుపుకు చెవి ఆనించి, కూతురి ఏడుపు విని పొంగిపోయింది. నా కోసమే! నలభయ్యో సెకనులో కుళాయి కట్టేసినట్టు ఏడుపు ఆగింది.

ఆమె లోపలికి వచ్చి నేర్చుకున్న ప్రకారం మోకాళ్ల మీద కూర్చుంది. లుజైన్ పరుగున వచ్చి మెడ కావలించుకుని చెవిలో అడిగింది:

"బిస్కెట్టేదీ?"

నెర్మీన్ గుండె పగిలింది. అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్ల కాసేపు ఓపిగ్గా చూసింది. తర్వాత జేబులోంచి పొద్దుటి బిస్కెట్ ముక్క తీసి తల్లి నోట్లో పెట్టింది.

"బాగా ఏడ్చావు అమ్మా."

కమిటీ లేచి చప్పట్లు కొట్టింది. 'బంధము అత్యుత్తమము. సీటు మంజూరు. తల్లి రోదన మాత్రము నిర్ణీత వ్యవధిని మించినది. పది దినముల శిక్షణ అవసరము.'

గేటు బయట తల్లులు చుట్టుముట్టారు. "మీ పాప అద్భుతంగా ఏడ్చిందట కదా, ఎక్కడ చేర్పించారమ్మా? చెప్పి పుణ్యం కట్టుకోండి!" వద్దని చెబుదామని నెర్మీన్ నోరు తెరిచింది. చేతిలో సీటు కాగితం ఉంది. చిరునామా చెప్పింది.

మీరు నవ్వకండి. ఇది చదువుతుండగా మీ చొక్కా అంచు పట్టుకుని లాగిన పిల్లతో "ఒక్క నిమిషం ఉండమ్మా" అన్నారు కదా. ఎన్ని సెకన్లయింది?