హైబ్రిడ్ సంగతి తేలకపోతేనే మేలు

మొట్టమొదటిసారి హైబ్రిడ్ కారు కొందామా వద్దా అని తేల్చుకోలేక సతమతమవుతున్నారా? చాలా సంతోషం! దయచేసి తేల్చుకోకండి. తేల్చుకున్నారో, చెడ్డారే!

కారు కొన్నవాడికి ఏముంటుంది? ఒక కారుంటుంది. దాని వాయిదాలుంటాయి. మొదటి వారంలోనే తలుపు మీద ఎవరో పుణ్యాత్ముడు గీసిన గీత ఉంటుంది. అదే, కొనాలా వద్దా అని ఆలోచిస్తున్నవాడికో? లోకంలో ఉన్న కార్లన్నీ ఆయనవే! పొద్దున ఎర్రది, మధ్యాహ్నం తెల్లది, సాయంత్రం టీ తాగుతూ పైకప్పు తెరుచుకునేది. ఒక్కదానికీ పెట్రోలు పోయక్కర్లేదు. ఒక్కదాన్నీ కడగక్కర్లేదు.

నమ్మకం కుదరలేదా? అయితే మా పళ్ల డాక్టరుగారి సంగతి వినండి.

డాక్టరుగారి చేయి చాలా మంచిది. పన్ను ఊడిన సంగతి పన్నుకే తెలియదు. మాటే కాస్త ఎక్కువ. అందులో ఆయన తప్పేమీ లేదు, వృత్తి అలాంటిది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన ముందు కుర్చీలో పడుకునేవాళ్లందరూ నోరు తెరిచే ఉంటారు గానీ మాట్లాడలేరు. ఒక బుగ్గలో దూది, రెండో బుగ్గలో గొట్టం. ఆయన ఏమన్నా వాళ్లు ఇచ్చుకోగలిగిన జవాబు "ఆఁ... ఆఁ..." ఒక్కటే. ఏళ్ల తరబడి లోకమంతా తనతో ఏకీభవిస్తూనే ఉందని నమ్మగలిగే అదృష్టం ఇంకెవరికి దక్కుతుంది చెప్పండి?

ఆయనకో పాత డీజిలు కారు ఉంది. రేకు డబ్బాలో కంకర పోసి ఊపినట్టు ఉంటుంది దాని చప్పుడు. వీధి మలుపు తిరగకముందే ఇంట్లో వాళ్లకు వినిపిస్తుంది. దాన్ని బాగుచేసి బాగుచేసి విసిగిపోయిన మెకానిక్ ఒకరోజు చేతులు తుడుచుకుంటూ, "సార్, దీన్ని ఇంక వదిలెయ్యండి. లేకపోతే నన్నన్నా వదిలెయ్యండి" అన్నాడు. కథ అక్కడ మొదలైంది.

మామూలు మనిషైతే షోరూముకు వెళ్లి నచ్చినది కొనేస్తాడు. డాక్టరుగారు మామూలు మనిషా? పెట్రోలుదా, కరెంటుదా, రెండూ కలిసిన హైబ్రిడ్‌దా అన్న ప్రశ్నకు జవాబు కోసం దొరికిన వీడియోలన్నీ చూశారు. ఒక వీడియోలో మెచ్చుకున్న కారును ఇంకో వీడియోలో తిట్టారు గనుక, ఆ రెంటినీ పోల్చిన మూడోది కూడా చూశారు. మూడోవాడి మీద అనుమానం వచ్చి నాలుగోది చూశారు.

దీనివల్ల జరిగిన మేలు అంతా ఇంతా కాదు. క్లినిక్‌లో మత్తు ఇంజక్షను వాడకం తగ్గింది. బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందో డాక్టరుగారు వివరించడం మొదలుపెడితే రోగికి నొప్పి గుర్తుంటుందా? నిద్రమాత్ర లేనిదే కన్ను మూతపడని అత్తగారికి ఇప్పుడు అల్లుడి ఉపన్యాసం సగంలో ఉండగానే కునుకు పడుతోంది. కాలేజీ చదువుతున్న కూతురు, నాన్న దగ్గరకు వెళ్లాల్సి వస్తుందేమోనన్న భయంతో లెక్కలు సొంతంగా చేసుకోవడం నేర్చుకుంది.

ఇక భోజనాల బల్ల! ఉప్పుగిన్నె బ్యాటరీ. మంచినీళ్ల గ్లాసు ఇంజిను. చెంచా చక్రం. "ఇదిగో, మనం బ్రేకు వేశామనుకో, ఆ శక్తి వృథా కాకుండా మళ్లీ బ్యాటరీలోకే వచ్చేస్తుంది!" అంటూ ఆయన చెంచాను గిన్నె వైపు నడిపిస్తుంటే, కూరలో ఉప్పు తగ్గినవాళ్లు బ్యాటరీ నిండేదాకా చేతులు ముడుచుకుని కూర్చునేవారు.

"ఏమంటావు?" అని ఆఖరున భార్యను అడిగేవారు. అడిగి, ఆవిడ నోరు తెరిచేలోగా, "అదీ నా ఉద్దేశం కూడా!" అనేవారు.

ఆవిడ బడిలో భూగోళం చెబుతుంది. నలభైమంది పిల్లలను ఒక్క చూపుతో కూర్చోబెట్టగలదు. ఇంట్లో మాత్రం "మీ ఇష్టమండీ" అని గిన్నెలు తీసేది.

ఇలా నెలలు గడిచాయి. ఒక శనివారం సాయంత్రం డాక్టరుగారు షోరూముకు వెళ్లి, అక్కడి అమ్మాయికి హైబ్రిడ్ అంటే ఏమిటో వివరించారు. ఆ అమ్మాయికి ఓపిక ఎక్కువ. చివరిదాకా విని, "సార్, బండి ఇంటికి తీసుకెళ్లండి. సోమవారం తెచ్చివ్వండి. ఇంట్లోవాళ్లు కూడా చూసినట్టుంటుంది" అని తాళం చేతిలో పెట్టింది.

డాక్టరుగారు ఎక్కి బటన్ నొక్కారు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కారు. లేదు. మూడోసారీ నొక్కి, అద్దం దించి, "అమ్మాయ్, ఇది స్టార్టు కావడం లేదు" అన్నారు.

"స్టార్టయింది సార్. తర్వాత మీరు ఆపేశారు. ఇప్పుడు మళ్లీ స్టార్టయింది."

అంత నిశ్శబ్దం ఆయనకు అలవాటు లేదు. దారిలో ఫోను చూసుకుంటూ నడిచేవాడొకడు కారు ముందే నడిచాడు గానీ పక్కకు జరగలేదు. ఒక పిల్లి వీధి మధ్యన పడుకుని ఒళ్లు నాక్కుంటూ ఈయన వైపు చూసి, నాకడం పూర్తి చేసుకునే లేచింది. పాత కారైతే ఆ పిల్లి ఈపాటికి రెండు ఇళ్ల అవతల ఉండేది!

ఇల్లు వచ్చింది. గేటు తెరిచే ఉంది. కారు నీడలా లోపలికి జారి వంటింటి కిటికీ కింద ఆగింది. డాక్టరుగారు దిగబోతూ ఆగిపోయారు. లోపల ఎవరో తన గొంతుతో మాట్లాడుతున్నారు!

కిటికీలోంచి చూశారు. కూతురు కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరుచుకుని ఉంది. అత్తగారు మూతికి తువ్వాలు కట్టుకుని, చేతిలో గరిట పట్టుకుని, మనవరాలి నోట్లోకి తొంగి చూస్తోంది.

"పెద్దగా తెరువమ్మా! ఇంకా! ఊఁ, ఇప్పుడు చెప్పు. హైబ్రిడ్ కొందామా, వద్దా?"

"ఆఁ... ఆఁ..."

"చూశావా! నువ్వూ కొనమనే అంటున్నావు! అదీ నా ఉద్దేశం కూడా!"

ఆ వెంటనే ఒక నవ్వు వినిపించింది. కడుపు పట్టుకుని, ఊపిరాడక, మధ్యలో దగ్గుతూ నవ్వే నవ్వు. అది ఎవరిదో డాక్టరుగారికి ఒక పట్టాన తెలియలేదు. తెలిశాక, దాన్ని విని ఎన్నేళ్లయిందో గుర్తు రాలేదు. అది ఆయన భార్యది.

"నవ్వింది చాల్లే గానీ, లైసెన్సు సంగతి మీ ఆయనకు చెప్పావుటే?" అంది అత్తగారు తువ్వాలు విప్పుతూ.

"ఎక్కడ చెప్పనిచ్చారమ్మా? మొన్న 'ఏమండీ, నా డ్రైవింగు...' అన్నానో లేదో, 'మైలేజీ మన డ్రైవింగును బట్టే ఉంటుంది, చెప్తా విను' అని మొదలుపెట్టారు. లైసెన్సు వచ్చి రెండు నెలలైంది."

"పోనీ ఏ కారు కావాలో అదైనా చెప్పమ్మా. రేపు నువ్వు కూడా నడపాలి కదా!" అంది కూతురు.

"నన్నెవరు అడిగారే?"

ఆ మాటలో కోపమేమీ లేదు. బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టు చెప్పింది, అంతే. డాక్టరుగారికి తగిలింది కూడా అదే. కోపపడి ఉంటే ఆయన దగ్గర బోలెడు జవాబులున్నాయి.

ఆవిడ రోజూ పొద్దున్నే వాకింగుకని వెళ్లేది. నడక మోకాళ్లకు ఎంత మంచిదో తానే గుమ్మంలో నిలబెట్టి మరీ వివరించి పంపారు. వెళ్లింది డ్రైవింగ్ స్కూలుకన్నమాట!

పాఠకులారా, గమనించారా? పాత డీజిలు కారు ఇన్నేళ్లూ ఈయన గౌరవాన్ని ఎలా కాపాడిందో! మలుపు దగ్గరే చెప్పేసేది, "వస్తున్నారు, సర్దుకోండి" అని. ఈ హైబ్రిడ్‌కు ఆ పాటి విశ్వాసం కూడా లేదు.

ఇప్పుడు లోపలికి వెళ్లడమెలా? వెనక్కి వెళ్లిపోయి, మలుపు దగ్గర కాసేపు ఆగి, హారన్ కొడుతూ మర్యాదగా మళ్లీ వస్తే బాగుంటుందనుకున్నారు. మెల్లగా రివర్సు వేశారు.

కుయ్! కుయ్! కుయ్!

ముందుకు వెళ్లేటప్పుడు నోరెత్తని కారు వెనక్కి వెళ్లేటప్పుడు వీధి వీధంతా లేపింది. వంటింట్లో నవ్వు టక్కున ఆగింది. గరిట గిన్నెలోకి, తువ్వాలు కొక్కేనికి, కూతురు పుస్తకం వెనక్కి వెళ్లిపోయాయి. భార్య బల్ల మీద కంచాలు సర్దుతూ కనిపించింది. ఎవరి స్థానంలో వాళ్లు! తన రాకకు ఇంట్లో ఇంత ఏర్పాటు జరుగుతుందని డాక్టరుగారికి ఆ రోజే తెలిసింది.

కారు అక్కడే ఆపేసి, లోపలికి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నారు. ఉప్పుగిన్నె ఎదురుగానే ఉంది. ముట్టుకోలేదు. ఏమీ మాట్లాడలేదు.

ఇల్లంతా బెదిరిపోయింది.

"బాబూ, కారుగానీ ఎక్కడైనా గుద్దారా?" అంది అత్తగారు.

భార్య వచ్చి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. జ్వరం లేదు. డాక్టరుగారు ఒకసారి గొంతు సవరించుకున్నారు.

"నీకు ఏ కారైతే బాగుంటుంది?"

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, ఎవరినడుగుతున్నారో అని. "నన్నా?"

"నిన్నే. నడిపేదానివి నువ్వు కూడాను కదా!"

కూతురి చేతిలో పుస్తకం జారింది. అత్తగారు గరిట వైపు ఒకసారి, అల్లుడి వైపు ఒకసారి చూసి, "విన్నారా బాబూ?" అంది చిన్న గొంతుతో.

"గరిట దగ్గర్నుంచి విన్నానండీ. గొంతు బాగా కుదిరింది."

ఎవరికీ నవ్వాలో వద్దో తెలియలేదు. అప్పుడు భార్య మాట్లాడింది. మొదట ఒక్క మాట చెప్పి, ఆయన అడ్డుకుంటారేమోనని అలవాటుగా ఆగింది. ఆయన అడ్డుకోలేదు. ఇంకో మాట చెప్పింది. సీటు కాస్త ఎత్తుగా ఉండాలి, లేకపోతే బానెట్ చివర కనపడదు. అమ్మ మోకాళ్లు వంగవు గనుక వెనక తలుపు వెడల్పుగా తెరుచుకోవాలి. ఇంత పొడుగు బండి బడి ముందు సందులో తిరగదు. చిన్నదైతే తిరుగుతుంది. ఇన్ని వీడియోల్లో ఒక్కడైనా ఈ సంగతులు చెప్పాడా?

మధ్యలో డాక్టరుగారి నోరు మూడుసార్లు తెరుచుకుంది. మూడుసార్లూ కూతురు మంచినీళ్ల గ్లాసు అందించింది. తాగేశారు.

"అయితే ఏది కొందాం?" అన్నారు ఆఖరికి, నిజంగానే తెలియక.

భార్య ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూసింది. "ఆలోచించి చెప్తాను" అంది.

మర్నాడు పొద్దున ఆ కారును ఆవిడే నడిపింది. డాక్టరుగారు పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకును దారి పొడుగునా తొక్కుతూనే ఉన్నారు. మలుపుల దగ్గర కళ్లు కూడా మూసుకున్నారు. ఆవిడ షోరూము దాకా సాఫీగా తీసుకెళ్లి, అద్దాల వెనక ఉన్న చిన్న హైబ్రిడ్‌ను ఒకసారి చూసి, సాఫీగా తీసుకొచ్చింది. సోమవారం కారు షోరూముకు వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఏమైంది? ఏమీ కాలేదు! అదే నేను చెప్పేది. వారాలు గడుస్తున్నాయి, కారు రాలేదు. డాక్టరుగారు రోజూ సాయంత్రం వచ్చి, చేతులు కడుక్కుని, భార్య ఎదురుగా కూర్చుని, "ఏమైనా తేలిందా?" అని అడుగుతారు. ఆవిడ, ఇంకా లేదంటూ మొదలుపెడుతుంది. ఒకరోజు డిక్కీ గురించి చెబుతుంది. డిక్కీ నుంచి ప్రయాణాల్లోకి వెళుతుంది. ఇన్నేళ్లుగా పటం మీద కర్రతో చూపిస్తున్న నది సముద్రంలో కలిసే చోటును తాను ఇంతవరకూ కళ్లతో చూడలేదని చెబుతుంది. ఇంకోరోజు కొత్త హెడ్‌మిస్ట్రెస్ గురించి. మరోరోజు తన చిన్నప్పటి సైకిలు గురించి. డాక్టరుగారు వింటారు. మొదట్లో దవడలు నొప్పెట్టేవట. ఇప్పుడు కాస్త అలవాటైంది. మొన్న ఒక రోగి నోట్లోంచి దూది తీసేసి, "మీరేమంటారు?" అని అడిగారు కూడా. పాపం, ఆ రోగి కంగారుపడి ఇంకో పన్ను కూడా పీకించుకున్నాడు.

నిన్న షోరూము అమ్మాయి మళ్లీ ఫోను చేసింది. ఇంకో వారం ఆగమని చెప్పి డాక్టరుగారి భార్య పెట్టేసింది. కూతురు ఆగలేకపోయింది.

"అమ్మా, ఆ చిన్న హైబ్రిడ్ నీకు ఆ ఆదివారమే నచ్చేసింది కదా! నీలం రంగు అని కూడా నాతో అన్నావు. మరి నాన్నకు చెప్పవేం?"

ఆవిడ తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"పెళ్లయిన ఇన్నేళ్లకు అడుగుతున్నారే! అప్పుడే చెప్పేస్తానా?"