అల్లుడు టిఫిన్ ముట్టలేదు

ఆదివారం పొద్దున మాదన్నపేటలోని అత్తగారింట్లో కళ్లు తెరుస్తూనే కేశవ్ తన పథకం తన్మయికి చెప్పాడు. మధ్యాహ్నం దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టడు. కడుపు ఖాళీగా ఉంటే ఒంట్లోని కణాలు తమ చెత్తను తామే ఊడ్చుకుంటాయని, ముసలితనం మెల్లగా వస్తుందని ఎక్కడో చదివాడు.

"నీతోని నూరేండ్లు ఉండాల్నంటే గీ మాత్రం చెయ్యాలె కదా?"

పెళ్లై నెల కాలేదు. తన్మయి మురిసిపోయి తలస్నానానికి వెళ్లింది. అమ్మకు చెప్పడం ఇద్దరూ మరిచిపోయారు.

రమాబాయి పొంగిన పూరీలు తెచ్చి ముందు పెట్టింది. కణాల సంగతి అత్తగారికి చెప్పడానికి కేశవ్‌కు సిగ్గేసింది. "నాకొద్దత్తమ్మా" అని మాత్రం అన్నాడు.

కొత్త అల్లుడు తిండి వద్దన్నాడంటే అలిగినట్టు. అలిగాడంటే కానుక కావాలన్నట్టు. రమాబాయి మొగుణ్ణి పెరట్లోకి లాక్కుపోయింది. "అల్లుడు అలిగిండయ్యా! ఏం గావాల్నో ఏమో!"

"నా స్కూటర్ మీద కన్ను పడ్డట్టుంది!" అని విఠల్‌రావు నెత్తి పట్టుకున్నాడు. నిన్న సాయంత్రం అల్లుడు ఆ పాత స్కూటర్ చుట్టూ తిరిగి "మస్తుంది మామా" అన్నాడు. తోడబుట్టిన తమ్ముణ్ణి కూడా తాకనివ్వని స్కూటర్ అది.

లొల్లి విని పక్కింటి షౌకత్ బీ ఎండు ఆప్రికాట్లతో చేసిన ఖుబానీ మీఠా గిన్నెతో వచ్చింది. "నా మీఠా చూస్తె అలక గిలక ఉరుకుతది!"

కేశవ్ గోడ గడియారం చూసి గుటక మింగాడు. "వద్దు ఖాలా."

"యా అల్లా! నా మీఠాకే లొంగలేదంటే చిన్న కోరిక కాదు విఠల్ భాయ్. స్కూటరే!"

విఠల్‌రావు స్కూటర్ కడిగి, బొట్టు పెట్టి, తాళం పట్టుకొచ్చాడు. "తీస్కో అల్లుడా. చలికాలం జర పక్కకు వంచి కిక్కు కొట్టాలె..." మాట ఆపి కళ్లు తుడుచుకున్నాడు.

కేశవ్ బిత్తరపోయాడు. తడి జుట్టుతో వచ్చిన తన్మయి సంగతి తెలిసి పడీపడీ నవ్వింది. "అలగలే నాన్నా! నూరేండ్లు బతకనీకి కణాలు ఊడ్చుకుంటుండు!"

"రేపు ఊడ్చుకోమను. పూరీలు సల్లారుతున్నయి" అంది రమాబాయి.

మామగారి తడికళ్లు చూసి కేశవ్ పథకం వదిలేశాడు. పళ్లెం ఖాళీ చేసి, మీఠా గిన్నె కూడా నాకాడు.

మధ్యాహ్నం భోజనాలకు విఠల్‌రావు లేవలేదు. "నాకొద్దు. నేను గూడ కణాలు సాఫ్ చేస్కుంటున్న." ఆయన చూపంతా గేటు దగ్గరున్న కేశవ్ కొత్త ఎర్ర బైకు మీదే ఉంది.

తన్మయి మోచేత్తో పొడిచింది. కేశవ్ బైకు తాళం అందించాడు. "ఒక్క రౌండ్ కొట్టి రా మామా."

ఉపవాసంతో కణాల వయసు ఎంత తగ్గుతుందో గానీ, గల్లీ మలుపు తిరిగేసరికి విఠల్‌రావు వయసు మాత్రం సగానికి పడిపోయింది.