పేరు పలికిన పిల్ల

మా ఆయన పోయిన తర్వాతే నాకు అక్షరాలు వచ్చాయి. ఒత్తులు తప్పితే మన్నించండి. చేయి నెమ్మది, అందుకే కథ కూడా చిన్నదే. ఇది మా పక్కింటి సంగతి.

ఆ ఆదివారం దశరథం పెద్ద పనే పెట్టుకున్నాడు. డిస్కులు తిప్పే పెట్టె మొరాయిస్తోంది కాబట్టి, అలమర నిండా ఉన్న పాటలన్నీ కూతురు కరుణ చేత ఫోన్‌లోకి ఎక్కించి కొత్త స్పీకర్‌లో వినాలనుకున్నాడు. భార్య అమృతమ్మ వంటింట్లో జొన్నరొట్టెలు చేస్తోంది.

పాటలు ఎక్కాయి గానీ వరుస చెదిరింది. నడిమి ముక్కలు ముందుకొచ్చాయి, మొదళ్లు ఎటో పోయాయి. ఒక భజన ముగియగానే స్పీకర్‌లో ఒక పడుచుపిల్ల "దశరథం" అని, కిలకిలా నవ్వింది.

పెనం మీద రొట్టె మాడిపోయింది. అమృతమ్మ మొగుని పేరు నోట పలకదు. ఆఫీసుల్లో అడిగినా కరుణ చేతనే చెప్పించేది. అలాంటిది, ఎవతో పేరు పట్టి పిలిచి నవ్వుతోంది. పైగా గొంతు బాగుంది. అది ఇంకా పెద్ద తప్పు.

ఎవరది అని అడిగింది. తనను ఆటపట్టిస్తోందనుకున్నాడు దశరథం.

"తెల్వనట్టు అడుగుతున్నవా? గా పిల్ల గొంతు కోసమే గీ డిస్కులన్ని దాచిన" అన్నాడు. మళ్లీ పెట్టమని కూతురికి చెప్పి, ఇంకోసారి విని మురిసిపోయి, స్నానానికి వెళ్లాడు.

జొన్నచేలో చిలుకలు వాలకుండా కట్టడానికి తళతళలాడేవి ఏమన్నా ఉంటే ఇమ్మని మా ఊరి రైతు కాటమయ్య ఎప్పటినుంచో అడుగుతున్నాడు. అమృతమ్మ డిస్కులన్నీ సంచిలో పోసి అతనికిచ్చింది. అక్కడినుంచి నేరుగా ఆడబిడ్డ బాలమణి ఇంటికి పోయి, మీ అన్నకు ఎవతో ఉందని ఏడ్చింది. బాలమణి కొంగు బిగించి బయలుదేరింది. సంగతేందని అడిగిన ఆడవాళ్లంతా వెంట నడిచారు.

దశరథం తువ్వాలతో బయటికొచ్చేసరికి అలమర ఖాళీ, వాకిలి నిండా జనం.

బాలమణి ఆ గొంతు వినిపించమంది. కరుణ పెట్టింది. విన్న బాలమణి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అరుగు మీద కూలబడింది.

"వదినా, నువ్వు కొత్తగా వచ్చిన్నాడు గడపకు అడ్డం నిలబడి, మొగుని పేరు చెప్తెనే లోపలికి రానిస్తనన్నది నేను. నవ్వుకుంట చెప్పింది నువ్వు. గా పెండ్లి టేపునే అన్న డిస్కు చేయించిండు."

వచ్చినవాళ్లు ఉసూరుమని వెళ్లిపోయారు. సాయంత్రానికి దశరథం జొన్నచేను గాలించి డిస్కులు తెచ్చుకున్నాడు. పెండ్లి డిస్కు గీతలు పడి పాడైంది. ఫోన్‌లో ఎక్కిన ఆ ముక్కే మిగిలింది.

ఇప్పుడు రోజూ చాయ్ చల్లారేదాకా అదే వింటాడు.

"నేను పక్కనే ఉన్న గద. నా మాట గింత మనసు పెట్టి ఎన్నడన్న విన్నవా?" అంది అమృతమ్మ.

"నువ్వు పేరు పెట్టి పిలుస్తవా మరి?"

ఆ పిల్లకూ అమృతమ్మకూ ఇప్పటికీ పడదు.

— సాయమ్మ, అరవై ఎనిమిదేళ్లు. ఇప్పుడు నారాయణపేటలో చిన్న కోడలి దగ్గర ఉంటున్నాను.