జేగురు తాడుకు జేజేలు

ఏథెన్స్‌లో ప్రజాపాలన ఇంతకాలం నిలిచిందంటే కారణం మన వక్తలు కారు, మన చట్టాలు కావు, ఆఖరికి మన దేవత కూడా కాదు. ఒక తాడు. ఎర్రటి జేగురులో ముంచిన, తడి ఆరని, బట్టకు తగిలితే ఎంత ఉతికినా వదలని తాడు.

నవ్వకండి. ఆలోచించే చెబుతున్నాను.

పౌరుల మహాసభ ఉన్న రోజు పొద్దున ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. కాపలా విలుకాళ్లు ఇద్దరు అంగడి వీధికి అడ్డంగా ఆ తాడు పట్టుకుని, చేపల కొట్ల దగ్గర మొదలుపెట్టి, మనల్ని సభ జరిగే కొండవైపు తోలుకుంటూ వస్తారు. మరక పడ్డవాడికి జరిమానా. మరక పడకూడదంటే తాడుకంటే ముందు నడవాలి. ఇంత సులువైన రాజనీతిని ఏ తత్వవేత్తయినా కనిపెట్టగలిగాడా?

పైగా ఆ విలుకాళ్లు సిథియా నుంచి కొనితెచ్చిన నగర బానిసలు. అంటే, మనం స్వతంత్రులమని మనకు గుర్తుచేసే పనిని బానిసలకు అప్పగించాం. ఎంత ముందుచూపు! అదే మన చేతుల్లో పెట్టుకుని ఉంటే, తాడు ఎక్కడ పెట్టామో మధ్యాహ్నం దాకా వెతుక్కుంటూ ఉండేవాళ్లం.

కొంచెం మీ లోపలికి చూసుకోండి. పొద్దున్నే లేచిన ప్రతి మనిషిలోనూ ఇద్దరుంటారు. ఒకడు నగరం ఏమైపోతుందోనని బాధపడేవాడు. రెండోవాడు బార్లీ రొట్టె చల్లారిపోతుందేమోనని బాధపడేవాడు. తాడు కనిపించగానే వాళ్లిద్దరి తగువూ తీరిపోతుంది. ఇక కొండమీద యుద్ధానికి చెయ్యెత్తినా, సంధికి చెయ్యెత్తినా, ఇంటికొచ్చి ‘నాదేముంది, నన్ను తోలుకెళ్లారు’ అనుకోవచ్చు. అంతరాత్మ మీద కప్పడానికి ఇంత వెచ్చని దుప్పటి మన ఆడవాళ్లెవరూ నేయలేదు.

తాడు వల్ల లాభాలు ఇంకా ఉన్నాయి. చాకళ్లకు పని దొరుకుతోంది. బానపొట్టల పెద్దమనుషులకు పరుగు అలవడింది. తండ్రి ద్రాక్షతోట పంచుకున్నప్పటినుంచీ మాటల్లేని అన్నదమ్ములిద్దరు ఆ మధ్య తాడు మడతలో ఇరుక్కుని మళ్లీ మాట్లాడుకున్నారు. “జరుగు” అన్నాడు ఒకడు. “నువ్వే జరుగు” అన్నాడు రెండోవాడు. ఏమైనా మాట మాటే కదా.

ఇంత మేలు చేసే తాడుకు విలువ తెలియనివాడు నాకు ఒక్కడే తగిలాడు. అర్తిమాస్. లిడియావాడు. మా వీధిలో మంగలి మిక్కోస్ కొట్టు పక్కన మట్టి దీపాలు చేసి అమ్ముతాడు. పోయిన చలికాలం రేవులో ఓడల కొట్టాలు అంటుకున్నప్పుడు, మనమంతా ఒడ్డున నిలబడి తప్పు ఎవరిదో తేల్చుకుంటూ ఉంటే, అతను తడి తోలు కప్పుకుని లోపలికి దూరి, కట్లు కోసి, ఓడల్ని నీళ్లలోకి తోసేశాడు.

అందుకు అతనికి పౌరసత్వం ఇద్దామని సభ చేతులెత్తింది. చెయ్యెత్తడం తేలిక. కానీ చట్టం ప్రకారం తర్వాతి సభలో ఆరు వేలమందికి తగ్గకుండా వచ్చి రహస్యంగా ఓటు రాళ్లు వెయ్యాలి. అంతమంది రాకపోతే మొదటి నిర్ణయం చెల్లదు. అర్తిమాస్ పరాయివాడుగానే ఉంటాడు, అతని పిల్లలూ పరాయివాళ్లే.

ఆ రెండో సభ రోజు పొద్దున మిక్కోస్ కొట్టులో ఇసుక వేస్తే రాలదు. మహాసభ ఉన్న రోజున మన పౌరులకు గడ్డాలు ఎక్కువ పెరుగుతాయి. అర్తిమాస్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అతనికి కొండమీదికి వెళ్లే హక్కు లేదు. లోపల, సగం గడ్డంతో, మెడచుట్టూ గుడ్డ కట్టించుకుని మా వీధి పెద్ద కల్లియాదెస్ ఉపన్యసిస్తున్నాడు.

“నీమీద నాకు కోపం లేదబ్బాయ్. కానీ పౌరసత్వమంటే నీ దీపాల్లాంటిది కాదు, అడిగినవాడికల్లా చేతిలో పెట్టడానికి. అది రక్తంలో ఉండాలి. నా రాయి మాత్రం నీకు వ్యతిరేకంగానే పడుతుంది, ముందే చెబుతున్నా.”

“పడనివ్వండి బాబాయ్. ముందు మీరు కొండ ఎక్కండి” అన్నాడు అర్తిమాస్.

“ఎక్కుతానయ్యా, గడ్డం అవనీ.”

అంతలో విలుకాడు గుమ్మంలోకి తల పెట్టాడు. కొత్తవాడు. మొహాలు ఇంకా తెలియవు.

“అందరూ కొండ. లే, లే.”

కల్లియాదెస్ గుడ్డ ముక్కుదాకా లాక్కున్నాడు. లిడియా యాసలో, అచ్చం అర్తిమాస్ గొంతుతో, దీర్ఘం తీస్తూ అన్నాడు.

“నేను పరాయివాణ్ణి నాయనా. లిడియా. సభకు మేం రాకూడదు.”

విలుకాడు అర్తిమాస్ వైపు తిరిగాడు. “మీ ఊరా ఇతను?”

అవునంటే వ్యతిరేకపు రాయి ఒకటి తగ్గుతుంది. కాదంటే తలల లెక్కలో ఒకటి పెరుగుతుంది. అర్తిమాస్ విలుకాడికి వినయంగా చెప్పాడు.

“మా ఊరేనండి. ఈమధ్యే వచ్చాడు, పాపం. పూచీ నిలబడే పౌరుడు ఇంకా దొరకలేదు.”

పూచీ లేని పరాయివాణ్ణి ఏం చేస్తారో కల్లియాదెస్‌కు తెలుసు. అలాంటి ఫిర్యాదులు ఆయనే చాలా చేశాడు. నేరం తేలితే బానిసగా అమ్మేస్తారు.

“అయితే కొండ కాదు, జైలు” అని విలుకాడు చెయ్యి పట్టుకున్నాడు.

“వదలవయ్యా! నేను ఏథెన్స్ వాణ్ణి. మా నాన్న ఏథెన్స్ వాడు, మా అమ్మ తండ్రి ఏథెన్స్ వాడు. మిక్కోస్, చెప్పరా వీడికి.”

మిక్కోస్ కత్తి నూరుకుంటూ, “ఇందాక యాస వేరుగా ఉందే” అన్నాడు.

“ఇంత కోపం వచ్చిందంటే పౌరుడే అయ్యుంటాడండి. కొండకే తీసుకెళ్లండి” అన్నాడు అర్తిమాస్.

కల్లియాదెస్ సగం గడ్డంతో, వీపంతా జేగురుతో కొండెక్కాడు. వెనకాలే మేమందరం. గుమ్మం దాటుతూ నేను అర్తిమాస్‌ను అడిగాను.

“ఆయన నీకు వ్యతిరేకంగా వేస్తాడని తెలిసి పంపిస్తావా?”

“వెయ్యనివ్వండి. వేసేవాళ్లంటూ చాలినంతమంది ఉండాలి కదా.”

చాలినంతమంది అయ్యారు, అతికష్టం మీద. అర్తిమాస్ పౌరుడయ్యాడు. తాను లేకపోతే సంఖ్య చేరేదే కాదని కల్లియాదెస్ ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆ మాట అబద్ధమూ కాదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మళ్లీ మహాసభ పెట్టారు. పొద్దు ఇంకా పొడవలేదు, తాడు ఇంకా బయటికి తీయలేదు. అర్తిమాస్ స్నానం చేసి, ఉతికిన బట్ట కప్పుకుని, కొండదారి పట్టాడు. ఒక్కడే. అతన్ని ఎవరూ తోలడం లేదు.

మిక్కోస్ కొట్టు తలుపు సందులోంచి మేమందరం చూశాం. ఇదేం చోద్యమని ఒకరినొకరం అడిగాం. ఆఖరికి కల్లియాదెస్సే తేల్చాడు.

“నేను ముందే చెప్పానా? ఎన్ని రాళ్లు వేస్తే మాత్రం ఏం లాభం, పరాయివాడు పరాయివాడే. చూడండి, పిలవకుండానే వెళ్తున్నాడు.”

వీధి చివర తాడును జేగురులో ముంచుతున్న చప్పుడు వినబడింది. అందరం తలుపు వెనక్కి ఇంకొంచెం సర్దుకున్నాం.