పరిచయం లేని పీతలు

దేశపు ఆర్థిక వ్యవస్థ నేల మీద నడవదనీ, గాలిలో ఎగురుతుందనీ వాయు సరుకుల పరిచయ నిర్ధారణ మండలి ఆ ఏడాది సర్వజనులకూ తెలియజేసింది. విమానం లేనిదే వ్యాపారం లేదు. వ్యాపారం లేనిదే దేశం లేదు. మండలి ముద్ర లేనిదే విమానం లేదు. కనుక దేశం యావత్తూ మండలి ముద్ర మీద నిలబడి ఉన్నదని గ్రహించవలసిందిగా కోరుతూ సింహళంలోనూ, తమిళంలోనూ, ఇంగ్లీషులోనూ ప్రకటన అచ్చువేయించి విమానాశ్రయం సరుకుల షెడ్డు గోడకు అంటించారు. (మూడింటిలోనూ సమానంగా అచ్చుతప్పులు ఉండడం వల్ల ఏ భాషవారికీ అన్యాయం జరగలేదు.)

ఇమెల్డా వర్ణకులసూరియ ఆ షెడ్డు నుంచే పదకొండేళ్ళుగా వారానికి రెండుసార్లు మండపీతల్ని సింగపూరు పంపుతోంది. నెగొంబో ఉప్పునీటి సరస్సు మీద పద్నాలుగు పడవలవాళ్ళు పట్టిన పీతలన్నీ ఆమె పెరట్లోకే వస్తాయి. ఒక్కొక్కదాన్నీ ఒడిసిపట్టి, పట్టకార్లలాంటి ముందుకాళ్ళు రెండింటినీ నారతో బిగించి, తడి గోనెగుడ్డ పరిచిన పెట్టెలో పేర్చాలి. మొగుడు బతికున్నన్నాళ్ళూ అది అతని పని. పోయాక ఆమె నేర్చుకుంది. నేర్చుకునే క్రమంలో ఎడమచేతి చూపుడువేలి గోరు ఊడిపోయింది, మళ్ళీ రాలేదు.

తడిగా, చల్లగా ఉంచితే పీత రెండు రోజులైనా బతుకుతుంది. వేడిలో పెడితే పూట గడవదు. చచ్చిన పీతను సింగపూరు ముట్టుకోదు. కిందటి నెల ఒకసారి విమానం తప్పితే అక్కడి హోటలు యజమాని ఫోన్ చేసి, "ఇంకోసారి ఇలాగైతే నేను వేరే చోట చూసుకుంటానమ్మా" అన్నాడు. అరిచి ఉంటే ఆమె పట్టించుకునేది కాదు. చాలా మర్యాదగా అన్నాడు, అందుకని భయమేసింది.

ఆ మంగళవారం పొద్దున తొమ్మిదింటికి ఇమెల్డా, ఆమె మరిది ఆన్‌స్లెమ్ ఇరవై పెట్టెల్లో నాలుగు వందల పన్నెండు పీతల్ని వ్యానులో తెచ్చారు. ఎగుమతి గేటు దగ్గర కాపలావాడు చీటీ మీద ముద్ర గుద్ది లోపలికి వదిలాడు. మూడింటికి విమానం. బోలెడంత సమయం ఉంది.

కౌంటర్లో విక్రమగె కొత్త పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. తలెత్తకుండానే, "పరిచయ పత్రం?" అన్నాడు.

"అదేం పత్రం తమ్ముడూ?"

"నిన్నటి నుంచి కొత్త రూలక్కా. పరిచయస్తులు పంపిన సరుకే విమానం ఎక్కాలి. నువ్వు మండలికి పరిచయమని కాగితం ఉండాలి."

"పదకొండేళ్ళ నుంచి వారానికి రెండుసార్లు నా మొహం చూస్తున్నావు. మీ పాప పుట్టినరోజుకి కూర వండి గిన్నెతో సహా పంపింది ఎవరు?"

"నువ్వే. గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది. నాకు నువ్వు తెలుసక్కా, మండలికి తెలియదు."

"మండలికి తెలియాలంటే?"

"మండలికి ముందే పరిచయమున్న ఇద్దరు నీ గురించి రాసివ్వాలి."

"సరే, ఆ ఇద్దరెవరో చెప్పు, వెళ్ళి కాళ్ళావేళ్ళా పడతాను."

విక్రమగె జాబితా తీశాడు. జాబితా చాలా శుభ్రంగా ఉంది. "ఇంకా ఎవరూ లేరు. నిన్ననేగా మొదలైంది."

"మరి మొదటివాడికి ఎవరు రాస్తారు?"

"దాని మీద కమిటీ వేశారు."

పరిచయం లేని సరుకును ఏం చేయాలో కూడా పుస్తకంలో ఉంది (మండలి దేన్నీ గాలికి వదిలేయదు). షెడ్డులో నలభై ఎనిమిది గంటలు పరిశీలనలో ఉంచాలి. ఆలోగా సరుకులో ఏ మార్పూ కనిపించకపోతే ప్రమాదం లేనట్టు.

"నలభై ఎనిమిది గంటలా! ఈ రేకుల కింద సాయంత్రానికే చస్తాయి."

విక్రమగె పేజీ తిప్పి చూసి, నిజంగానే బాధపడుతూ, "చస్తే అది మార్పు కిందికి వస్తుందక్కా. మళ్ళీ మొదట్నుంచి లెక్క" అన్నాడు.

ఈలోగా పెట్టెల్ని ఎక్స్‌రే యంత్రంలోకి పంపి చూసిన పిల్ల, 'పదునైన పరికరాలు: ఎనిమిది వందల ఇరవై నాలుగు' అని రాసి ఎర్ర చీటీ అంటించింది. ఆన్‌స్లెమ్ ఆమెతో వాదనకు దిగాడు. విక్రమగె ఇమెల్డాను దగ్గరకు పిలిచి గొంతు తగ్గించాడు. "పైన మీటింగ్ జరుగుతోంది. ఉప సంచాలకుడు హేవాపతిరన గారు వచ్చారు. ఆయన ఒక్క సంతకం గీకితే చాలు, కమిటీ గిమిటీ అక్కర్లేదు" అంటూ పరిచయ పత్రం ఫారం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు.

పై అంతస్తులో 'విమానయానం: ఆర్థికాభివృద్ధికి రెక్కలు' అనే సదస్సు చల్లటి గదిలో సాగుతోంది. మోచేతుల దాకా తడిసి, సరస్సు వాసన కొడుతూ వచ్చిన ఇమెల్డా తలుపు పక్కన నిలబడింది. డాక్టర్ హేవాపతిరన మాట్లాడుతున్నారు. చిన్న ఎగుమతిదారులే ఈ దేశానికి వెన్నెముక అన్నారు. (పీతకు వెన్నెముక ఉండదు. ఆ సంగతి గదిలో ఇమెల్డా ఒక్కదానికే తెలుసు.) అంతలో ఆయన దృష్టి ఆమె మీద పడింది.

"అదిగో! మనం ఎవరి గురించి మాట్లాడుకుంటున్నామో ఆమే వచ్చింది. రండమ్మా, ముందుకు రండి!"

చప్పట్లు కొట్టారు. వేదిక ఎక్కించారు. ఫోటో తీశారు. ఫోటో అయిపోయాక ఆమె నడుముకు దోపుకున్న కాగితం తీసి పట్టుకుంది.

"సార్, కింద నా పీతలు ఎండిపోతున్నాయి. దీని మీద ఒక్క సంతకం పెట్టండి సార్."

ఆయన కాగితం మొత్తం చదివారు. "తప్పకుండా పెట్టాల్సిందే. కానీ సంతకం పెట్టవలసింది ఉప సంచాలకుడమ్మా. నేనిప్పుడు ముఖ్య అతిథిని."

"ఆ ఉప సంచాలకుడు మీరే కదా సార్?"

"సదస్సు ముగిశాక. ఐదింటికి."

"విమానం మూడింటికి సార్. పోనీ, ఐదింటికి మీ ఆఫీసు తెరిచి ఉంటుందా?"

"నాలుగున్నరకే మూసేస్తాం" అని ఆయన నవ్వి, "టీ తాగి వెళ్ళండి" అన్నారు.

ఆమె తాగలేదు. కిందికి వచ్చేసరికి పన్నెండున్నర. రేకులు పెనంలా కాలుతున్నాయి. పెట్టెల్లోంచి సన్నగా బుడబుడ శబ్దం వస్తోంది. పీత ఊపిరాడక నురుగు కక్కేటప్పుడు వచ్చే శబ్దం అది. అది వినబడితే ఆమె మొగుడు అన్నం ముందు నుంచి కూడా లేచిపోయేవాడు.

"పద ఆన్‌స్లెమ్. ఇంటికి తీసుకుపోదాం. పోయింది పోయింది, బతికినవాటిని సరస్సులో వదిలేద్దాం."

గేటు దగ్గర కాపలావాడు బండికి చెయ్యి అడ్డం పెట్టాడు. "ఇవి పొద్దునే ఎగుమతి అయిపోయాయి. చీటీ మీద నా ముద్రే ఉంది చూడండి. ఇప్పుడివి విదేశీ పీతలు. దేశం లోపలికి రావాలంటే దిగుమతి లైసెన్సు కావాలి, పశువుల డాక్టరు సర్టిఫికెట్ కావాలి, అవి పుట్టిన దేశం వాళ్ళ ఉత్తరం కావాలి."

"అవి పుట్టింది అదిగో, ఆ గోడ అవతల!" అన్నాడు ఆన్‌స్లెమ్.

"గోడ అవతలది వేరే దేశం" అన్నాడు కాపలావాడు.

ఇమెల్డా ఒక పెట్టె తెరిచి చూసింది. పైవరసలో మూడు చచ్చిపోయి ఉన్నాయి. కింది వరసలో ఒకటి, కట్టేసిన ముందుకాళ్ళను ఎత్తలేక ఎత్తుతోంది. ఆమెకు ఏడుపు రాలేదు. పద్నాలుగు పడవలవాళ్ళకు ఏం చెప్పాలా అని మాత్రం ఆలోచించింది. లేచి తిన్నగా కౌంటర్ దగ్గరకు నడిచింది.

"తమ్ముడూ, సరుకు ఈ షెడ్డు దాటకూడదని కదా రూలు?"

"సరుకును ఎవరూ దాటించకూడదని రూలు."

"ఎవరూ దాటించకుండా అదే దాటితే?"

విక్రమగె పుస్తకం మొదట్నుంచి చివరిదాకా తిరగేశాడు. విషయసూచిక చూశాడు. అనుబంధాలు చూశాడు. తరవాత పుస్తకం మూసి, సొరుగులోంచి కత్తెర తీసి కౌంటర్ మీద పెట్టి, "నేను టీకి వెళ్తున్నానక్కా. రావడానికి చాలాసేపు పడుతుంది" అని వెళ్ళిపోయాడు.

ఆమె కత్తెరతో, ఆన్‌స్లెమ్ పళ్ళతోనూ గోళ్ళతోనూ, నారలు తెంపడం మొదలుపెట్టారు. ఆన్‌స్లెమ్ బొటనవేలు రెండుసార్లు చిక్కింది. షెడ్డు వెనక వాననీటి కాలువ గోడ కింద నుంచి సరస్సులోకి పోతుంది. మొదటి పీత సిమెంటు మీద ఒక క్షణం ఆగింది. నీటి వాసన తగిలిందేమో, పక్కకు పక్కకు జరుగుతూ కాలువలోకి జారింది. దాని వెనక ఇంకొకటి. ఆ వెనక వందలు.

కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. "ఏంటిది? వీటి కాగితాలేవి?"

"వాటినే అడుగు" అంది ఇమెల్డా.

అతను నిజంగానే ఒకదాని ముందు వంగి చెయ్యి చాపబోయాడు. అది ముందుకాళ్ళు రెండూ ఎత్తింది. అతను గేటు దగ్గరకు తిరిగి వెళ్ళిపోయి, రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడ్డాడు.

మూడు గంటల విమానం వాళ్ళ తలల మీదుగానే లేచింది. మూడు వందల ఎనభై ఒకటి సరస్సు చేరాయి. చచ్చిన ముప్ఫై ఒక్కటి షెడ్డులోనే ఉండిపోయాయి. వాటిని నిబంధన ప్రకారం పరిశీలనలో ఉంచారు. గురువారం నాటికి నలభై ఎనిమిది గంటలు పూర్తయినా ఎటువంటి కదలికా, మార్పూ కనిపించనందున ప్రమాదరహితమని ధ్రువీకరించి, విమానం ఎక్కడానికి అనుమతి ఇచ్చారు.

సింగపూరు నుంచి ఫోన్ వచ్చింది. ఈసారి ఆయన హెచ్చరించలేదు, "ఆరోగ్యం జాగ్రత్తమ్మా" అన్నాడంతే. పద్నాలుగు పడవల్లో ఐదింటిని ఒడ్డుకు లాగేశారు. మిగిలినవాళ్ళు తెచ్చిన పీతల్ని ఇమెల్డా నెగొంబో సంతలో గోనెపట్టా మీద పరుచుకుని కూర్చుంటోంది.

ఏడాది చివర మండలి నివేదిక వెలువడింది. కొత్త నిబంధన సంపూర్ణంగా విజయవంతమైందనీ, అది అమల్లోకి వచ్చిన నాటి నుంచి నేటి వరకు నెగొంబో నుంచి పరిచయం లేని పీత ఒక్కటి కూడా విమానం ఎక్కలేదనీ అందులో సగర్వంగా పేర్కొన్నారు.