కప్పల అధ్యాయంలో కరపత్రం

ఆ పొద్దున అద్దాలాయన వేసుకున్న ప్లానులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. షాపు వేళయ్యేలోగా నాలుగైదు అధ్యాయాలు చదవాలి, చదివినచోట గుర్తు పెట్టుకోవాలి, వెళ్ళి తాళం తీయాలి. అంతకు మించి లోకాన్ని ఉద్ధరించే ఉద్దేశం ఆయనకు లేదు. ఊళ్ళో సగం ముక్కుల మీద ఆయన బిగించిన కళ్ళద్దాలే ఉన్నా, ఆయన మాత్రం కాలేజీ వదిలాక షాపు గోడమీది అక్షరాల చార్టు తప్ప ఏదీ చదివిన పాపాన పోలేదు. అదీ ఇతరుల చేత చదివించడమే.

ఇప్పుడీ చదువు నెత్తికెత్తుకున్నది కుర్చీ కోసం.

ముందు గదిలో కిటికీ పక్కన పేము కుర్చీ ఒకటుంది. వెనక్కి వాలితే వీపుకి తల్లిలాంటిది. అత్తగారు తమ దగ్గర ఉండటానికి వచ్చిన రోజు ప్రయాణం బడలికతో అందులో కూలబడింది. ఆ బడలిక ఇప్పటికీ తీరలేదు. అల్లుడి వాటాకి షాపులోంచి తెచ్చిన పాత స్టూలు మిగిలింది. దానికి ఒక కాలు పొట్టి. దాని మీద కూర్చుంటే మనిషి ఏ మాటకైనా తలూపుతున్నట్టే కనిపిస్తాడు.

ఒకనాడు భోజనాలయ్యాక ధైర్యం చేశాడు. "అత్తయ్యగారూ, ఆదివారం పూటైనా ఆ కుర్చీ నాకిస్తే..."

"ఇది చదువుకునే కుర్చీ అల్లుడుగారూ. వెలుతురంతా దీని మీదే పడుతుంది. మీరెలాగూ చదవరు కదా, మీకెందుకు?" అందావిడ. బైబిలు మొదటి నుంచి చివరి దాకా ఎన్నిసార్లు చదివిందో ఆవిడకే గుర్తులేదు.

"ఎందుకు చదవను? ఈ ఏడాది ఆఖరి ఆదివారానికల్లా మొత్తం చదివేస్తా. చదివితే కుర్చీ నాదేనా?"

"చదవండి. ఆ వంశావళులు దాటి బయటపడండి చూద్దాం."

మాట అక్కడితో ఆగితే బాగుండును. కానీ ఆవిడ మరుసటి ఆదివారం ప్రార్థనలో సాక్ష్యాల సమయానికి లేచి, "మా అల్లుడుగారు గ్రంథమంతా చదువుతానని పంతం పట్టారు, మధ్యలో వదిలెయ్యకుండా అందరూ ప్రార్థించండి" అని సభకు అప్పగించేసింది. జనమంతా మెడలు తిప్పి జాలిగా చూశారు. ఇక వెనక్కి తగ్గే దారి లేకుండా పోయింది.

పాస్టరుగారు ఒక పద్ధతి చెప్పారు. "ముందు భాగంలోంచి కొంత, వెనక భాగంలోంచి కొంత, రోజూ రెండూ చదువు తమ్ముడూ. అప్పుడు విసుగు రాదు." అంటే రెండు గుర్తులు కావాలి. ముందు భాగంలో పెట్టుకోవడానికి ఆ పొద్దున చేతికి అందింది ఒక కరపత్రం.

ఏడాది ఆఖర్లో వార్డు ఎన్నికలు, ప్రచారం అప్పుడే ఊపందుకుంది. ముగ్గురు నిలబడ్డారు. ఒకాయన చర్చిలో పాటలు ఎత్తే పాటలాయన. రెండో ఆయన అద్దాలాయన షాపున్న భవనం ఓనరు. ఈయనదీ అదే చర్చి, ముందు బెంచీ. మూడో మనిషి ఆసుపత్రిలో రిటైరైన నర్సమ్మ. ఆవిడకు డిపాజిట్ దక్కితే అదే గొప్పని అందరి మాట. మొదటి ఇద్దరి కరపత్రాలూ పెళ్ళిపత్రికల్లా మందంగా, నునుపుగా ఉండేవి. నర్సమ్మవి ఉల్లిపొర కాగితాలు. ఆవిడ ఒక కట్ట షాపులో పడేసి పోతే, అద్దాలాయన వాటిని మడతలు పెట్టి, అద్దాలు కదలకుండా పెట్టెల్లో కూరి ఇస్తున్నాడు. పుస్తకంలో పెట్టుకోవడానికి మాత్రం మందపాటిదే బాగుంటుందని పాటలాయన కరపత్రం పెట్టుకున్నాడు. చేసిన తప్పల్లా ఇదే.

కొన్ని వారాలకు ఒక ఆదివారం ఆ పుస్తకం పట్టుకుని చర్చికి పోయి వచ్చాడు. సోమవారం షాపు తలుపు తీశాడో లేదో, పాటలాయన వచ్చి పేషెంట్ల కుర్చీలో కూర్చున్నాడు.

"బ్రదర్, నన్ను కప్పల్లో పెట్టారట."

"ఎక్కడ పెట్టానండీ?"

"కప్పల్లో. కప్పలు ఏట్లోంచి ఊరి మీద పడి, మంచాల మీదికీ పిండి తొట్లలోకీ ఎక్కే అధ్యాయంలో. మీ వెనక బెంచీ వాళ్ళు కళ్ళారా చూశారు. నా పాట కప్పల బెకబెకేనని మీరన్నట్టు పొద్దున్నుంచీ ఒకటే నవ్వులు."

"అయ్యో, నేను అక్కడిదాకా చదివానండీ. అందుకే అక్కడ పెట్టా."

"చదివేవాళ్ళు ఇంకాస్త చదవొచ్చుగా? కప్పలయ్యాక పేలు, ఈగలు, కురుపులు, మిడతలు. ఎక్కడ ఆపినా నా పరువు పోతుంది. ఏకబిగిన చదివి, దేవుడి జనంతో పాటు నన్నూ సముద్రం దాటించి, అప్పుడు ఆపండి. మీకు పుణ్యముంటుంది."

మంచి సలహాయే అనిపించింది. ఆ రోజు బేరాలు కూడా సరిగ్గా చూడకుండా ఏకబిగిన చదివి, పాటలాయన్ని ఆరిన నేల మీద అవతలి ఒడ్డుకు చేర్చి, నిట్టూర్చి పుస్తకం మూశాడు. ఆ నిట్టూర్పు చల్లారకముందే ఓనరు దిగాడు.

"ఏవయ్యా, నా షాపులో కూర్చుని వాణ్ణి సముద్రం దాటిస్తావా?"

"చదువుతూ పోతే అదే వచ్చిందండీ."

"వాడికైతే సముద్రం వచ్చింది. మరి నేను? నా కరపత్రం నీ పుస్తకానికి పనికిరాదా? వాడిదానికన్నా మందం కదా."

గొడవెందుకని ఓనరు కరపత్రం తీసి వెనక భాగంలో రెండో గుర్తుగా పెట్టాడు. ఎవరి భాగం వారికి ఉంటే తగువుండదనుకున్నాడు. కానీ ఆ రోజు చదివిన భాగం ఎక్కడ ముగిసిందో చూసుకోలేదు. ధనవంతుడు పరలోకం చేరడం కన్నా ఒంటె సూదిబెజ్జంలోంచి దూరడం సులువనే చోట అది ముగిసింది. ఆ వార్త బజారు చివరికి పోయి తిరిగొచ్చేసరికి, ఓనరే ఒంటెలా ఉంటాడని అద్దాలాయన అన్నట్టు తయారైంది.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటారు. అద్దాలాయన బాధలో కప్పలు నిజంగానే ఉన్నాయి. పాములు కూడా కొంత ముందుకు పోయాక వచ్చాయి.

ఇక ఊరికి వేరే పని లేకపోయింది. పాటలాయన ఎడారిలో తిరుగుతున్నాడట, ఓనరు తుఫానులో పడవ ఎక్కాడట అని టీ కొట్టు దగ్గర లెక్కలు వేసుకోసాగారు. అవతల ఎవరు గెలుస్తారన్నది ఇక్కడ ఎవరు ఏ పేజీలో ఉన్నారన్నదాన్ని బట్టి తేలిపోతున్నది. కళ్ళు మసకలంటూ షాపుకొచ్చే వాళ్ళు ఎక్కువయ్యారు. ఒకాయనైతే చార్టులో పెద్ద అక్షరం కూడా కనపడటం లేదని మూలిగి, అవతలి బల్ల మీదున్న గ్రంథంలో పేజీ అంచున చీమంత అక్షరాలు గడగడా చదివేశాడు.

"మీకు కళ్ళద్దాలు అక్కర్లేదండీ," అన్నాడు అద్దాలాయన.

"తెలుసు. మా వాడు ఇంకా ఆ పొగలెత్తిన కొండ మీదే ఉన్నాడా అని చూడ్డానికొచ్చా."

ఇంట్లో ఇంకో వింత. దీవెనలు, వాటి వెంటే శాపాలు వరసగా వచ్చే చోటొకటుంది. పొద్దున దీవెనలు ముగించి శాపాల్లోకి దిగి, అక్కడ గుర్తు పెట్టి, మధ్యాహ్నం పుస్తకంతో సహా భోజనానికొచ్చి కునుకు తీసేవాడు. సాయంత్రం పుస్తకం తెరిస్తే మళ్ళీ దీవెనలే. మర్నాడూ అంతే. 'మంచి మాట దేవుడు పదేపదే చెబుతాడు కాబోలు' అనుకుని మళ్ళీ చదివాడు. వంశావళుల దగ్గరా ఇలాగే జరిగిందేమో. ఫలానావాడు ఫలానావాణ్ణి కన్న చోట, ఎవరు ఎవర్ని కన్నారో ఎవరికి గుర్తుంటుంది.

"ఏమండీ, మీరు చదువుతున్నది ముందుకా వెనక్కా?" అని భార్య అడిగింది.

"ముందుకే వెళ్తున్నా. పుస్తకమే రావడం లేదు."

కుర్చీలోంచి అత్తగారు, "తొందరెందుకు అల్లుడుగారూ, నిదానంగా చదవండి," అంది. ఆవిడ గొంతులో అంత తియ్యదనం ఆయన పెళ్ళినాడు కూడా వినలేదు.

ఇంత గోలలోనూ ఒక అధ్యాయం ఆయన్ని నిలబెట్టేసింది. జనమంతా ముసలి పెద్దమనిషి దగ్గరికి పోయి మాకూ ఒక రాజు కావాలంటారు. ఆ రాజు మీ కొడుకుల్ని తన రథాల ముందు పరిగెత్తిస్తాడు, మీ మంచి పొలాలు తనవాళ్ళకి పంచుతాడు, అప్పుడు ఏడ్చినా లాభముండదని ఆయన ముందే చెబుతాడు. అయినా సరే రాజే కావాలంటారు వాళ్ళు. అద్దాలాయన ఆ పేజీ మీద వేలుంచి చాలాసేపు కూర్చున్నాడు. స్టూలు కూడా ఊగలేదు. ఇన్నేళ్ళూ ఓటు వేసి వచ్చి, వేసినవాణ్ణి తిట్టుకుంటూ బతికాడు. ఆ తిట్టు సగం తనకే తగలాలని మొదటిసారి తోచింది. దేవుణ్ణి అడగాల్సింది వాళ్ళను అడిగి, వాళ్ళను అడగాల్సింది దేవుణ్ణి అడుగుతూ వచ్చామా అనుకున్నాడు. ఆ పూట షాపు తెరవడం మరిచిపోయాడు.

బుధవారం ప్రార్థన కూటంలో, ఏం చదివావు తమ్ముడూ అని పాస్టరుగారు అడిగితే, మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "మనకు బుద్ధి లేక రాజుల్ని అడుక్కుంటాం. తరవాత వాళ్ళను అంటాం."

పాటలాయన, ఓనరు ఎన్నికలు మొదలయ్యాక మొదటిసారి ఒకే బెంచీ మీదికి వచ్చి కూర్చున్నారు.

"నన్నే అన్నాడు," అన్నాడు పాటలాయన.

"నిన్నెందుకంటాడు, పొలాలున్నది నాకు," అన్నాడు ఓనరు.

ఆదివారం పాస్టరుగారు ప్రసంగంలో పేరు చెప్పకుండా, కానీ ఆయన బెంచీ వైపే చూస్తూ, గ్రంథంలో వెతకాల్సింది దేవుడి మాట గానీ మనం ఓటెయ్యాల్సిన గుర్తు కాదన్నారు. అద్దాలాయనకు తల కొట్టేసినట్టయింది. అక్కడికక్కడే లేచి, అందరూ చూస్తుండగా రెండు కరపత్రాలూ లాగి కోటు జేబులో కుక్కుకున్నాడు. ఇంతటితో పీడ వదిలిందనుకున్నాడు.

బయటికొచ్చేసరికి ఇద్దరూ గుమ్మం దగ్గరే ఉన్నారు. "ఇంతమందిలో నన్ను గ్రంథంలోంచి తీసేశారు బ్రదర్. అంత్యదినాన కూడా అంత పని చెయ్యరు," అని పాటలాయన కళ్ళొత్తుకున్నాడు. "ఎన్నికలు కానీ, నీ షాపు సంగతి చూస్తా," అన్నాడు ఓనరు.

ఆ మర్నాటి నుంచి గుర్తులుగా విరిగిన కళ్ళద్దాల పుల్లలు పెట్టుకున్నాడు. ఒకటి నల్లది, ఒకటి గోధుమ రంగుది. మధ్యాహ్నానికల్లా టీ కొట్టులో నల్లపుల్ల ఎవరిదన్న చర్చ మొదలైంది. అద్దాలాయన ఇక కళ్ళు పరీక్షించే చీకటి గదిలో దూరి, తలుపేసుకుని, టార్చిలైటు పట్టుకుని చదివాడు. బాధపడ్డ ప్రవక్తల్ని చదివినప్పుడు వాళ్ళలో ఒక్కరికీ షాపు లేదని గమనించి అసూయపడ్డాడు.

ఆఖరి ఆదివారానికి ముందు రోజు ఓట్లు లెక్కించారు. పాటలాయన ఓడిపోయాడు. ఓనరూ ఓడిపోయాడు. డిపాజిట్ దక్కదన్న నర్సమ్మ గెలిచింది.

ఆదివారం సభ ముందు అద్దాలాయన నిలబడి చివరి అధ్యాయం పైకి చదివాడు. చివరి మాట పలికాక ఏం చెయ్యాలో తెలియక కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అప్పుడు అత్తగారు నెమ్మదిగా లేచింది.

"ప్రభువు ముందు దాచకూడదు. పాటలాయన ఎంత చక్కగా పాడతాడు, అట్లాంటి మనిషిని శాపాల్లో చూడలేక, అల్లుడుగారు నిద్రపోతున్నప్పుడు నేనే తీసి దీవెనల్లో పెట్టేదాన్ని. వంశావళుల్లో మాత్రం కుర్చీ కోసమే గుర్తు వెనక్కి జరిపాను. అంచేత ఆయన మొత్తం చదవడమే కాదు, కొంత మూడేసిసార్లు చదివారు. కుర్చీ ఆయనదే."

అద్దాలాయన పుస్తకం మూసి బయటికి నడిచాడు. గుమ్మం దగ్గర నర్సమ్మ ఎదురొచ్చి, ఓడిన ఇద్దరూ వింటుండగా ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"అంతా మీ చలవ తమ్ముడూ. ఏ ఇంటికి పోయినా పెద్దవాళ్ళు ఒకటే మాట. కొత్త కళ్ళద్దాల పెట్టె తెరిస్తే మొదట స్పష్టంగా కనపడింది నా మొహమే, మొదట చదవగలిగింది నా కాగితమేనట. ఓటు మానకుండా వేసేది వాళ్ళే కదా."

ఓనరు ఆయన వంక చూసిన చూపుకి ఏ అద్దాలూ సరిపోవు. కానీ షాపు మాట మాత్రం ఎత్తలేదు. కౌన్సిలరు చేతులు పట్టుకున్న మనిషిని ఖాళీ చేయించడం అంత తేలిక కాదు.

ఏదైతేనేం, కుర్చీ వచ్చింది. మధ్యలో నలుగురు ఆపి అభినందిస్తుంటే వాళ్ళ చేతులు విడిపించుకుని, ఆ వాలు, ఆ వెలుతురు తలుచుకుంటూ ఇల్లు చేరాడు. తలుపు తోసి చూస్తే, కుర్చీలో నర్సమ్మ కూర్చుని ఉంది. కాళ్ళు చాపుకుంది. చేతిలో టీ కప్పుంది.

"మీకంటే ముందే అమ్మ తీసుకొచ్చేసిందండీ," అంది భార్య మెల్లగా.

"కౌన్సిలరుగారిని స్టూలు మీద కూర్చోబెట్టమంటారా?" అంది అత్తగారు. ఆవిడ ముఖం తృప్తిగా వెలిగిపోతోంది.

"మోకాళ్ళకు ఎంత హాయిగా ఉంది తమ్ముడూ. వెలుతురు కూడా బాగుంది," అంది నర్సమ్మ. "అమ్మగారు అననే అన్నారు, రోజూ సాయంత్రం ఇక్కడే కూర్చుని వార్డు జనం గోడు వినమని. ఐదేళ్ళు ఇట్టే గడిచిపోతాయి."

అడిగి తెచ్చుకున్న రాజు కాకపోయినా, నర్సమ్మ కూర్చోవడం మాత్రం రాజులాగే కూర్చుంది. అద్దాలాయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అది ఊగింది, అందరికీ ఆయన ఒప్పుకున్నట్టే కనిపించింది. కోటు జేబులో చెయ్యి పెట్టి, ఆనాడు కుక్కుకున్న రెండు కరపత్రాలూ తీశాడు. మడతలు పెట్టి, వంగి, పొట్టి కాలు కింద దూర్చాడు.

ఓడిపోయారు గానీ, ఇద్దరిదీ కాగితం మాత్రం గట్టిదే.